టీకా పత్రము, జన్మపత్రము

మన తాతల కాలమున సముద్రము దాటినవానికి కులమున చోటు లేకుండెను. ఓడనెక్కి సీమకు పోయి వచ్చినవాడు ఎంతటి విద్యావంతుడైనను, ప్రాయశ్చిత్తము చేసికొన్నగాని పంక్తిలో కూర్చుండనిచ్చెడివారు కారు. ఆ దురాచారముతో సంస్కర్తలు పోరాడిరి, అది నశించినది. నేడు బిడ్డయో బంధువో విదేశమున లేని చదువుకొన్న కుటుంబములు నానాటికి తగ్గుచున్నవి. అయినను అడ్డుగోడ కూలలేదు. చోటు మాత్రము మారినది. అప్పుడు మనవారు పోనిచ్చెడివారు కారు. ఇప్పుడు పరులు రానిచ్చుటకు జంకుచున్నారు. రెండు నిషేధములకును మూలమొక్కటియే: మనుష్యుని నడతను విచారింపక పుట్టుకను విచారించుట.

పరదేశపు గడపకడ నిలిచినవానిని అధికారులు ముఖ్యముగా రెండు ప్రశ్నలు వేయుదురు. టీకా వేయించుకొంటివా? వీసా తెచ్చుకొంటివా? ఈ రెండింటిని ఒక్క త్రాటితో కట్టి, రెండును బాధలేయని సణుగువారు మనలో పలువురు కలరు. మేమట్లు తలంపము. మొదటి ప్రశ్న న్యాయమైనది. రెండవది నేడు అడుగబడుచున్న తీరున అన్యాయమైనది. ఈ భేదమును గుర్తింపనివాడు న్యాయమైనదానిని మోసగించును, అన్యాయమైనదానికి తల వంచును. మనయందు ఈ రెండును జరుగుచున్నవి.

టీకా సంగతి చూడుడు. పచ్చజ్వరము మన దేశమున లేదు; కాని దానిని మోయగల దోమ మన నీటి తొట్లలోనే పెరుగుచున్నది. కావున ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండములలో ఆ జ్వరము గల దేశములనుండి వచ్చువారు, పది దినములకు ముందైనను టీకా పొందినట్లు పత్రము చూపవలెను. లేనిచో వారిని ఆరు దినములవరకు వేరుగా నుంతురు. వచ్చినవాడు కెన్యా పౌరుడా, కెన్యానుండి తిరిగివచ్చిన మన కృష్ణా జిల్లావాడా యని దోమ యెరుగదు గనుక, చట్టమును ఎరుగదు. హజ్జు యాత్రకు పోవువారిని మెదడుపొర వాపు టీకా వేయించుకొమ్మని సౌదీ అరేబియా కోరును. హైదరాబాదు యాత్రికుడైనను లండను యాత్రికుడైనను అది తప్పదు. ఈ నియమము మనుష్యుడు చేయగల పనినే కోరుచున్నది. చేసినవానికి ద్వారము తెరచుచున్నది.

అంతేకాదు, కారణము తీరినప్పుడు నియమమును తీరిపోవును. మశూచి టీకా పత్రము లేనిదే దేశాంతరము పోరాని కాలమొకటి యుండెను. 1977లో సోమాలియాలో కడపటి సహజ మశూచి రోగి కనబడెను. 1980 మే 8న ఆ వ్యాధి భూమిపై లేదని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించెను. అటుపిమ్మట ఆ పత్రమును అడుగుటయు ఆగిపోయెను. పచ్చజ్వరపు టీకా ఒక్కసారి పొందిన చాలును, యావజ్జీవము చెల్లునని శాస్త్రము తేల్చగా, పదేండ్ల గడువును 2016 జూలై 11నుండి ఎత్తివేసిరి. శాస్త్రము శాసించినచోట నియమము వంగినది.

ఇక వీసా సంగతి. 1914కు పూర్వము ఐరోపాఖండమున పెక్కు దేశములలో యాత్రికులు పాస్‌పోర్టు లేకయే తిరుగుచుండిరి. మహాయుద్ధము వచ్చి, తాత్కాలికమని చెప్పి, కట్టుబాటులు పెట్టిరి. యుద్ధము ముగిసిన పిమ్మట 1920లో పారిస్‌లో కూడిన మహాసభ, పూర్వపు స్వేచ్ఛ మరల రావలెనని కోరుచునే, అందుకింకను కాలము రాలేదనెను. ఆ యేటనే మన దేశమునకును పాస్‌పోర్టు చట్టము వచ్చెను. నూరేండ్లు దాటినవి. మశూచి పోయినది, మశూచి పత్రము పోయినది. ఆ యుద్ధము పోయినది, యుద్ధపు పత్రము పోలేదు!

ఆ పత్రమును ఎవరినడుగుదురు? 1952 నాటి అమెరికా వలస చట్టము ప్రకారము, చూచి పోవుటకు వచ్చువానిని, చదువుటకు వచ్చువానిని, అచ్చటనే పాతుకొనిపోవ దలచినవానిగా ముందే భావింపవలెను. కాదని ఋజువు చేయు భారము వానిదే. కోడలి పురిటికి పోగోరు ముసలితల్లి సయితము ముందు అనుమానితురాలు, పిదప అతిథి. నిమిషములలో ముగియు ప్రశ్నలపై ఆమె మాట తేలును. కాదన్నచో అప్పీలు లేదు. 2023లో 160నుండి 185 డాలర్లకు హెచ్చింపబడిన రుసుము తిరిగి రాదు. అదే దేశమునకు బ్రిటిషు పౌరుడు తొంబది దినములపాటు వీసా లేకయే పోవచ్చును. ఐరోపాలో షెంగెన్ దేశములకు అమెరికా పౌరుడు వీసా లేక తొంబది దినములుండును. మనవాడు 2024 జూన్‌నుండి తొంబది యూరోలు చెల్లించి, బ్యాంకు లెక్కలు చూపి, వాకిట నిలువవలెను. ఈ తారతమ్యమును ఆర్జించుటకు ఒకడు చేసిన పుణ్యమేమి, మరియొకడు చేసిన పాపమేమి? తల్లి ఏ దేశమున కన్నదో అదియే కదా! కులమును ఖండించిన మనము దీనికి వేరొక పేరు వెదకనేల?

ఈ దృష్టి టీకా నియమమునందు చొరబడినప్పుడు ఏమగునో 2021లో చూచితిమి. పుణెలో చేయబడిన కోవిషీల్డు, బ్రిటనులో కనుగొనబడిన మందే. ఆ పుణె మందును బ్రిటను లక్షల మోతాదులు తెప్పించుకొనెను. అయినను దానిని భారతదేశమున వేయించుకొన్నవానిని ఆ సెప్టెంబరులో టీకా లేనివానిగానే ఎంచెను. పిదప మందును అంగీకరించి, మన ధ్రువపత్రమును అంగీకరింపదాయెను. మన ప్రభుత్వము అక్టోబరు 4నుండి బ్రిటిషువారికిని పది దినముల ఏకాంతవాసము విధింపగా, 11వ తేదినుండి వారు మెత్తబడిరి. ఇచ్చట దోషము టీకాది కాదు. టీకా పొందిన చేయి ఎవరిదని అడిగినవారిది.

"ఇంటివాడు తన తలుపు వేసికొనరాదా? గడువు మీరి నిలిచిపోవువారు లేరా?" యని కొందరందురు. తలుపు వేసికొనవచ్చును, గడువు మీరినవానిని శిక్షింపవచ్చును. కాని పొరుగువాడు తప్పుచేసెనని, ఏ తప్పును చేయనివానిని అదే ఊరివాడనుటచేత అనుమానించుట న్యాయమగునా?

పరులను నిందించి మనలను మరచుట సంస్కారము కాదు. టీకా వేయించుకొనకయే పచ్చజ్వరపు పత్రమును కొనువాడు ఊరిమీదికి రోగమును తెచ్చుటకు సిద్ధపడినవాడు. వాని తెలివిని మెచ్చుకొను బంధువులు వాని పాపమున భాగస్థులు. అరువు సొమ్ము బ్యాంకులో వేసి చూపువాడు తరువాతివాని నిజమునకు విలువ లేకుండ చేయుచున్నాడు. హైదరాబాదు చెంతనున్న చిలుకూరు బాలాజీ "వీసా బాలాజీ" యైనాడు. కోర్కెకు పదునొకండు ప్రదక్షిణములు, తీరినచో నూటయెనిమిది. భక్తిని మేము నిందింపము. కాని మనుష్యులు వ్రాసిన చట్టమును గ్రహచారముగా నెంచి గుడిచుట్టు తిరుగువాడు, ఆ చట్టమును ప్రశ్నించు దారిని ఎన్నడు పట్టును? మరియు మన ప్రభుత్వము 2021 ఆగస్టులో, దేశమునకు వెలుపలనున్న అఫ్గానుల వీసాలను ఒక్క ప్రకటనతో రద్దుచేసినప్పుడు, ఇచ్చట చదువు సగములో నుండగా స్వదేశమున చిక్కుకొన్న విద్యార్థులకై మన ఇండ్లలో ఎందరు నోరు విప్పిరి? మనకు తగిలిన దెబ్బ దెబ్బ, ఇతరులకు తగిలినది జాగ్రత్తయా?

కావున మేము కోరునవి ఇవి. టీకా విషయమున ఎవ్వరును తప్పించుకొనరాదు. ఏ దేశమున పొందినను ఒకే మందునకు ఒకే విలువ యుండవలెను. వీసా విషయమున ప్రతివాని నడతను బట్టి తీర్పు చేయవలెను. కాదన్నప్పుడు కారణము వ్రాసి ఇయ్యవలెను. పై అధికారికి చెప్పుకొను దారి యుండవలెను. ద్వారము తెరువనివారు రుసుమును తిరిగి ఈయవలెను. పరరాజ్యములను ఇట్లడుగుమని మన ప్రతినిధులను మనము నిర్బంధింపవలెను. మన రాజ్యమును ఇట్లే నడువుమని అంతకు ముందుగా నిర్బంధింపవలెను. సముద్రము దాటినవానిని వెలివేసిన పంక్తిలోనుండి మొదట లేచినవారు కొందరే. ఈ పంక్తిలోనుండి లేచుటకు మన పాఠకులు సిద్ధముగా నున్నారా?