హక్కు కావాలి, ఆ పేరు మాత్రం వద్దంటున్నారు

కిందటేడు మా బంధువుల అమ్మాయి నికా. ఖాజీ సాబ్ రిజిస్టర్ తెరిచి మెహర్ ఎంతో అడుగుతుంటే పిల్ల ఖాలా పరదా పక్కకొచ్చి, "మెహర్ సరే భాయ్‌సాబ్, ఒక షరతు కూడా రాయండి. బీఎడ్ పూర్తయ్యేదాకా పిల్ల చదువు మాన్పించకూడదు" అంది. మగవాళ్ల వైపు నుంచి ఎవరో నవ్వుతూ, "ఏం ఆపా, ఫెమినిస్టు అయిపోయావా?" అన్నారు. ఆమె వెంటనే చెంపలు వేసుకుంది. "తౌబా తౌబా, నేనెందుకవుతాను! పిల్ల హక్కు అడుగుతున్నా, అంతే." షరతు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ "తౌబా" నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. చదువు కావాలి, ఉద్యోగం కావాలి, వాటా కావాలి అని గట్టిగా అడిగే ఆడవాళ్లు కూడా ఆ పేరు దగ్గరికొచ్చేసరికి ఎందుకు వెనకడుగు వేస్తారు? ఇది ఒక్క మన ఇళ్లలో సంగతే కాదు. ఫెమినిస్టు అంటే మగవాళ్లంటే పడనిది, కాపురం చేయనిది అని సినిమాలు, వాట్సాప్ జోకులు ఎప్పుడో ముద్ర వేసేశాయి. ఆ ముద్ర పడితే సంబంధాలు రావని అన్ని మతాల తల్లులకూ భయమే. కానీ మనకు ఇంకో కారణం కూడా ఉంది. అది తెలియాలంటే షాబానో దగ్గరికి వెళ్లాలి.

ఇండోర్‌కు చెందిన షాబానోకు 1932లో పెళ్లయింది. అయిదుగురు పిల్లలు. నలభై ఏళ్లు దాటిన కాపురం తర్వాత 1975లో లాయరు భర్త ఇంట్లోంచి పంపేశాడు. 1978లో ఆమె భరణం కోసం కోర్టుకెళితే అదే ఏడాది తలాక్ చెప్పాడు. హైకోర్టు నెలకు 179 రూపాయల 20 పైసలు ఇమ్మంది. 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. అక్కణ్ణుంచి ఆ కేసు ఆమెది కాకుండా పోయింది. తీర్పులో ఉమ్మడి పౌరస్మృతి మాట రావడంతో ఒకవైపు షరీఅత్‌కు ముప్పు అని ఊరేగింపులు, ఇంకోవైపు ముస్లిం ఆడవాళ్లను ముస్లింల నుంచి కాపాడాలంటూ ఉపన్యాసాలు. ఆ ఏడాది చివర్లోనే ఆమె తనకు ఆ తీర్పు వద్దని బహిరంగ లేఖ ఇచ్చింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. అడిగితే కౌమ్‌కి ద్రోహి, అడగకపోతే పాపం అణగారిన ఆడది. ఆమెకు మిగిలిన స్థానాలు ఆ రెండే.

1986 చట్టం వచ్చింది. ఆమె తరఫున వాదించిన డానియల్ లతీఫీయే ఆ చట్టాన్ని సవాలు చేశారు. 2001లో సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టేయలేదు గానీ, భార్య ముందు జీవితానికి సరిపడే ఏర్పాటు ఇద్దత్ గడువులోపే భర్త చేసిపెట్టాలని తేల్చింది. ఈ తీర్పు గురించి మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ఊరేగింపులకున్న జ్ఞాపకం తీర్పులకు ఉండదు.

తర్వాత ముమ్మారు తలాక్. 2017 ఆగస్టులో అది చెల్లదన్న తీర్పు వెనుక ముస్లిం ఆడవాళ్ల పిటిషన్లే ఉన్నాయి. నా ఉద్దేశంలో మంచి తీర్పు. కానీ 2019లో తెచ్చిన చట్టం అలా చెప్పిన భర్తకు మూడేళ్ల వరకు జైలు పెట్టింది. ముమ్మారు తలాక్‌ను కోర్టులో వ్యతిరేకించిన బేబాక్ కలెక్టివ్ కూడా ఈ జైలును వ్యతిరేకించింది. భర్త జైల్లో కూర్చుంటే పిల్లల ఫీజు ఎవరు కడతారు? ఇక 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న పిల్లలను కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు. అంతకుముందు "ముస్లిం అక్కచెల్లెళ్లకు న్యాయం" అన్న గొంతులు చాలావరకు అప్పుడు వినపడలేదు. ఆ పిల్లల పక్షాన నిలబడ్డ స్త్రీవాద సంఘాలూ ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. టీవీలో కనపడింది మాత్రం వాళ్లు కాదు.

ఇంట్లో గొడవ బయట చెబితే అది మన మీదే రాయిగా పడుతుందన్న అనుభవం ఇలా వచ్చింది. ఆ పేరంటే జంకు వెనుక ఉన్నది చాలావరకు ఇదే.

అయితే ఈ జంకును చూసి మన మగవాళ్లు సంతోషపడితే నాకు ఒళ్లు మండుతుంది. "బయటివాళ్లకు అలుసివ్వొద్దు" అన్న మాట ఎక్కువగా ఎవరికి చెబుతాం? దెబ్బలు తిన్న కోడలికి. కూతురికి ఖురాన్ వాటా రాసిపెట్టింది. ఆ వాటా "అన్నలకు వదిలేశాను" అని ఆమెతో సంతకం పెట్టించుకునే ఇళ్లు ఎన్ని లేవు! భర్త జనాజా లేవబోతుంటే భార్యతో మెహర్ మాఫ్ చేయించడం ఎన్ని చోట్ల చూడలేదు! ఫెమినిజం పడమటి సరుకు అంటారు పెద్దలు. ఆడపిల్ల వాటా ఎగ్గొట్టడం ఎక్కడి సరుకో మాత్రం చెప్పరు.

ఆ పేరు పెట్టుకోకుండానే పనిచేసినవాళ్లు మనకు లేకపోలేదు. హైదరాబాద్‌లో సుగ్రా హుమాయూన్ మీర్జా నిజాం కాలంలోనే ఆడవాళ్ల కోసం ఉర్దూ పత్రికలు నడిపారు, ఆడపిల్లలకు సఫ్దరియా స్కూలు పెట్టారు. మన కాలంలో పాతబస్తీలో దక్కనీ కవయిత్రి జమీలా నిషాత్ 'షాహీన్' సంస్థ నడుపుతున్నారు. తెలుగులో షాజహానా 'నఖాబ్' కవితలు రాశారు. స్త్రీవాదం మీద మనకు కోపం ఉండొచ్చు, పేచీ ఉండొచ్చు. వీళ్లతో ఏం పేచీ?

2024 జులై 10న సుప్రీంకోర్టులో తీర్పు వచ్చిన కేసు మన తెలంగాణదే. ఫ్యామిలీ కోర్టు మాజీ భార్యకు నెలకు 20,000 ఇమ్మంది, హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. అదీ ఇవ్వనక్కర్లేదని, ముస్లింలకు 1986 చట్టమే వర్తిస్తుందని అతను పైకోర్టుకెళ్లాడు. తలాక్ అయిన ముస్లిం స్త్రీకి అందరిలాగే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడిగే హక్కుందని ఇద్దరు జడ్జీలూ చెప్పి అతని అప్పీలు కొట్టేశారు. ఇప్పుడు ఆ సెక్షన్ కొత్త చట్టంలో 144 నంబరుతో ఉంది. అక్కడ అర్జీ పెట్టడానికి ఏ పేరూ పెట్టుకోనక్కర్లేదు.

ఖాలా చెప్పిన షరతు ఆరోజు ఖాజీ సాబ్ రాశారు. కలం మూస్తూ, "ఇన్నేళ్లలో ఇలా రాయమన్న ఆడవాళ్లు నాకు పదిమంది కూడా తగల్లేదమ్మా" అన్నారు. పెళ్లికొడుకు తండ్రి కాసేపు అటూ ఇటూ చూసి, ఆ కాగితం ఇంకో కాపీ తనకూ కావాలని అడిగాడు. ఇంట్లో ఆయనకూ ఒక కూతురుంది.