ఓపీలో కోస్తే నాసిరకమా?

బిడ్డ పాదాలు లోపలికి వంకర తిరిగి పుడితే కోడుమూరు చుట్టుపక్కల తల్లిదండ్రులకు దొరికే సలహా ఒకటుంది. "సర్కారు ఆస్పత్రిలో పిండికట్లు కట్టి, చిన్న గాటు పెట్టి ఆ పూటే ఇంటికి పంపిస్తారు. అదేం వైద్యం? అప్పో సప్పో చేసి పెద్దాపరేషన్ చేయించండి." ఈ మాట పచ్చి తప్పు. దీన్ని నమ్మి డబ్బు పుట్టేదాకా ఆగినవాళ్ల బిడ్డలకు విలువైన నెలలు పోతున్నాయి.

ఆ చిన్న గాటు వెనకున్న పని చూడాలి. అమెరికాలోని ఐయోవాలో డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి రూపొందించిన పద్ధతి ఇది. వారానికోసారి పాదాన్ని చేత్తో మెల్లగా బయటికి తిప్పి, తిరిగినంత మేర పిండికట్టు వేస్తారు. సాధారణంగా ఐదారు కట్లు పడతాయి. అప్పటికీ మడమ కిందికి దిగకపోతే, అక్కడే మొద్దుబారే మందు ఇచ్చి, మడమ వెనక నరమని మనం పిలిచే స్నాయువును చిన్న గాటుతో కోస్తారు. ఎక్కువ పాదాలకు ఇది అవసరమవుతుంది. ఆ తర్వాత మూడు వారాలు కట్టులో ఉంటే, తెగిన స్నాయువు సాగిన పొడవులోనే అతుక్కుంటుంది.

పొన్సెటి దగ్గర వైద్యం పొందినవాళ్లను మూడు దశాబ్దాల తర్వాత పరీక్షించి 1995లో ఫలితాలు ప్రచురించారు. 78 శాతం మందికి పాదాలు బాగా పనిచేస్తున్నాయి. పుట్టుకతో ఏ లోపమూ లేనివాళ్లలో ఆ లెక్క 85. కీళ్లు తెరిచి చేసే పెద్దాపరేషన్‌లో మచ్చకట్టిన పాదం పెద్దయ్యాక బిగుసుకుని నొప్పెట్టడం మామూలే. మొండి కేసులకు అది తప్పకపోవచ్చు, కానీ మొదటి వైద్యం అది కాదు.

"ఫలానావాళ్ల పిలగాడికి మళ్లీ వంకర తిరిగింది కదా" అంటారు. నిజమే, తిరుగుతుంది. కారణం గాటు కాదు, ఎక్కువసార్లు కట్లు విప్పాక తొడగాల్సిన బూట్లు మానేయడం. అడ్డపట్టీతో కలిపిన ఆ బూట్లు మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రలో తొడగాలి. పాదం పెరిగి బూటు ఇరుకవుతుంది, బిడ్డ ఏడుస్తుంది, తల్లి విప్పేస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గి (వలస) పోయే కుటుంబం కొత్త సైజు కోసం కర్నూలు ఎప్పుడొస్తుంది? అసలు ఖర్చు ఇక్కడుంది: వారం వారం పోయే కూలి, దారి ఖర్చు.

ఆ తల్లిని తప్పుపట్టడం అన్యాయం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో వంకర పాదం ఉంది. పుట్టిన వెంటనే గుర్తించి పంపే బాధ్యత ప్రభుత్వానిదే. కట్లు వేయడం, సైజు మారినప్పుడల్లా బూట్లివ్వడం ఆదోని, ఎమ్మిగనూరు ఆస్పత్రుల్లోనే జరగాలి. సుగ్గికి పోయినచోట కూడా ఆ బూట్లు దొరకాలి.