గోడమీద నంబరు, చేతిలో లేని ఫోను

ఆదివారం సాయంత్రం రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీ హాస్టల్లో ఫోను దగ్గర పిల్లల వరస. తలా నాలుగైదు నిమిషాలు. పక్కనే కుర్చీలో వార్డెన్. అటునుంచి అమ్మ మొదట ‘తిన్నావా నాన్నా’ అంటుంది, ఆ వెంటనే ‘ఈ వారం టెస్టులో ఎన్నొచ్చాయి’ అంటుంది. వెనక ఇంతమంది చెవులు రిక్కించి నిలబడితే, ‘బానే ఉన్నా’ అనక ఆ పిల్లాడు ఇంకేం చెబుతాడు?

ఆ ఫోను పక్క గోడమీద 14416 అని పోస్టరు ఉంటే ఏం లాభం? అది టెలి మానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మంచి పథకమే, సందేహం లేదు. కానీ సెల్‌ఫోను తెస్తే లాక్కునే హాస్టల్లో, స్టడీ అవర్ ముగిశాక నిద్రపట్టక గుండె దడదడలాడుతున్న పదహారేళ్ల పిల్ల దేంతో చేస్తుంది ఫోను? వార్డెన్‌ని లేపి, కారణం చెప్పి, అనుమతి అడిగా?

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. తెలుగువాళ్లకు ఇది దూరపు వార్త కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి గగ్గోలు రేగితే, ఫెయిలైన 3 లక్షల పైచిలుకు మంది పేపర్లను ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. అప్పటికే ఇరవై మంది దాకా పిల్లలు పోయారు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఓ విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు.

రెండో మాట అమలైతే కార్పొరేట్ కాలేజీల పునాదే కదులుతుంది. అక్కడ ర్యాంకు తగ్గితే సోమవారం పొద్దున పుస్తకాలు, పరుపుచుట్ట ఎత్తుకుని కింది సెక్షన్‌కు నడవాలి. నిన్నటిదాకా పక్క బెంచీలో కూర్చున్నవాడు కళ్లు కలపడు. ఆ నడకలో తగిలిన దెబ్బకు కౌన్సెలర్ ఒక్కడే ఏం మందు వేస్తాడు? ఆ కౌన్సెలర్ కూడా జువాలజీ లెక్చరరుకే అదనంగా తగిలించిన బోర్డు అయితే, ఇక చెప్పేదేముంది. పొద్దున మార్కులు తగ్గాయని తిట్టిన మనిషి దగ్గరికే సాయంత్రం మనసు విప్పడానికి ఎవరు వెళ్తారు?

ఇది మార్చడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. మెట్ల కింద ఒక ఫోను, దాన్నుంచి 14416కూ ఇంటికీ మాత్రమే లైను. పక్కన కుర్చీ ఉండకూడదు, పేరు రాసే రిజిస్టరూ ఉండకూడదు. తనిఖీకొచ్చే అధికారి పోస్టరు ఫొటో తీసుకుని కారెక్కడం కాదు, ఆ ఫోను ఎత్తి అవతల ఎవరైనా పలికేదాకా నిలబడి చూడాలి.