మౌస్ అడుగున దాచిన స్క్రూ

గేమింగ్ మౌస్ కొనబోయేవారికి పెట్టె మీద మొదట కనిపించే అంకె డీపీఐ, అంటే మౌస్ సెన్సార్ కదలికను ఎంత సూక్ష్మంగా పసిగడుతుందో చెప్పే కొలత. 6,400 అనో 12,800 అనో కొట్టొచ్చినట్టు అచ్చేస్తారు. దాని కింద రంగురంగుల లైట్లు, అదనపు బటన్ల సంగతి ఉంటుంది. 600 నుంచి 1,500 రూపాయల మధ్య దొరికే మౌస్‌లు కొనేవారిలో చేతిఖర్చుల్లోంచి కూడబెట్టుకున్న విద్యార్థులు చాలామంది. వాళ్లకు ఆ డబ్బు తక్కువేమీ కాదు. వాళ్లు తెలుసుకోవలసినవి మాత్రం మూడు: ఇది ఎన్నాళ్లు వస్తుంది, పాడైతే ముందుగా పాడయ్యేది ఏది, దాన్ని బాగుచేయించుకోవచ్చా? పెట్టె మీద వీటికి జవాబు ఉండదు. చవక మౌస్ త్వరగా పోవడం దాని ధర వల్ల వచ్చిన తలరాత అని మనం సరిపెట్టుకుంటున్నాం. అది నిజం కాదని, చాలావరకు అది తయారీదారు తీసుకున్న నిర్ణయమని నా వాదన.

మౌస్‌లో ముందుగా చేతులెత్తేసేది సాధారణంగా ఎడమ బటన్ కింది స్విచ్. వేలి గోరంత ప్లాస్టిక్ డబ్బా, అందులో స్ప్రింగులా వంగే పలుచని లోహపు రేకు. బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ రేకు టక్కున ఎగిరి అవతలి కాంటాక్ట్‌ను తాకుతుంది. కొన్నాళ్లకు రేకు బిగువు తగ్గుతుంది, కాంటాక్ట్ మీద మసిపొర పేరుకుంటుంది. అప్పుడు ఒక నొక్కుడు రెండుగా నమోదవుతుంది. దీన్నే అందరూ డబుల్ క్లిక్ సమస్య అంటారు. ఫైలును లాగుతుంటే మధ్యలో జారిపోతుంది, ఆటలో ఒక గుండు కాల్చబోతే రెండు పేలుతాయి. ఇప్పటి మౌస్‌లు కరెంటు ఆదా కోసం చాలా తక్కువ ఓల్టేజీతో పనిచేస్తాయి కనుక ఆ పొర తనంతట తాను కాలి తొలగిపోయే అవకాశం తగ్గిందన్నది ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు తరచూ చెప్పే కారణం.

జపాన్ కంపెనీ ఓమ్రాన్ స్విచ్‌లైనా, చైనా హువానో, కైల్ స్విచ్‌లైనా కోటి, రెండు కోట్లు, ఐదు కోట్ల క్లిక్కులు అనే లెక్కలతోనే అమ్ముడవుతాయి. కోటి అంటే కళ్లు చెదురుతాయి కానీ లెక్క వేసి చూడాలి. ఆఫీసు పనిలో రోజుకు 2,000 క్లిక్కులనుకుంటే కోటికి 13 ఏళ్లు దాటుతుంది. అదే రోజుకు మూడు గంటలు ఆడుతూ నిమిషానికి 50 సార్లు నొక్కేవారికి రోజుకు 9,000 అవుతాయి, మూడేళ్లకే కోటి చెల్లు. పైగా అది యంత్రంతో వరసగా నొక్కించి కట్టిన అంచనా. చేతి చెమట, గదిలో దుమ్ము, తేమ అందులోకి రావు. ఏడాది, రెండేళ్లకే డబుల్ క్లిక్ మొదలైందన్న ఫిర్యాదులు అన్ని ధరల మౌస్‌ల మీదా వినిపించడానికి ఇదొక కారణం.

అన్ని ధరల మీదా అన్న మాట ఊరికే అనలేదు. ఎక్కువ పెడితే ఎక్కువ కాలం వస్తుందన్నది మన ఇళ్లలో బలంగా ఉన్న నమ్మకం. గ్రైండర్ల విషయంలో అది నిజమేమో కానీ మౌస్‌ల విషయంలో సగమే నిజం. ఖరీదైన మౌస్‌లలోనూ చాలాకాలం ఇదే కుటుంబానికి చెందిన స్విచ్‌లు వాడారు. అదనంగా పెట్టిన డబ్బు వైర్‌లెస్‌కు, తేలికైన బరువుకు, సెన్సార్‌కు వెళ్లింది. సెన్సార్ దగ్గర కూడా అవసరాన్ని మించిన అంకెలకే మనం డబ్బు కడుతున్నాం. కౌంటర్ స్ట్రైక్ ఆడే వృత్తి ఆటగాళ్లలో అత్యధికులు 400 లేదా 800 డీపీఐ దగ్గరే పెట్టుకుంటారు. దశాబ్దం కిందటి పిక్సార్ట్ 3360 సెన్సార్ ఈనాటికీ ఆటకు లోటు చేయదు. అంటే సాంకేతికత పాతబడి మౌస్ మూలన పడడం అరుదు. దాన్ని చెత్తబుట్టకు పంపేది ఆ చిన్న స్విచ్చే.

మరి ఆ స్విచ్ ఖరీదెంత? విడిగా కొంటే కొన్ని పదుల రూపాయలు. దానికి ఉండేవి మూడు కాళ్లు. టంకం కరిగించి పాతది తీసి కొత్తది అతికించడం చేయి తిరిగిన మెకానిక్‌కు కాసేపటి పని. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌లోనూ, కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కలా అలాంటి చేతులకు కొదవ లేదు. అడ్డుపడేది వేరే ఉంది. చాలా మౌస్‌లలో స్క్రూలను అడుగున అంటించిన టెఫ్లాన్ ప్యాడ్ల కింద దాచేస్తారు. విప్పాలంటే ప్యాడ్లు పీకాలి. పీకితే అవి వంగిపోతాయి, జిగురు పోతుంది, మళ్లీ సరిగ్గా అతుక్కోవు. బాగుచేసిన మౌస్ బల్ల మీద గీరుకుంటూ కదులుతుంది. స్క్రూను రెండు సెంటీమీటర్లు పక్కకు జరిపితే తీరే ఇబ్బంది ఇది. టంకం అవసరమే లేకుండా స్విచ్‌ను లాగి కొత్తది గుచ్చుకునే సాకెట్లను ఏసుస్ కంపెనీ తన గ్లాడియస్ వరస మౌస్‌లలో ఏళ్లుగా ఇస్తోంది. చేయడం సాధ్యమేనని తేలిపోయింది. చవక మౌస్ కొనేవాడికి సాకెట్టు లేకపోయినా కనీసం బయటికి కనిపించే స్క్రూ దక్కాలి.

ఏడు వందల మౌస్‌కు మూడు వందలు పెట్టి రిపేరు ఎవరు చేయిస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ మూడు వందల్లో ఎక్కువ భాగం స్విచ్ ధర కాదు, దాచిన స్క్రూలను జాగ్రత్తగా చేరుకోవడానికి, పాడైన ప్యాడ్ల బదులు కొత్తవి వెతకడానికి పట్టే కూలి. విప్పడం తేలికైతే కూలి దిగుతుంది. ఏడు వందల వస్తువు పది నెలలకే పోతే ఏడాదికి 840 రూపాయలు పడినట్టు. వంద, నూట యాభై ఖర్చుతో మరో రెండేళ్లు వస్తే ఆ లెక్క 300 దగ్గరికి చేరుతుంది. లోహపు కాంటాక్ట్ లేకుండా కాంతి కిరణం తెగితే క్లిక్ నమోదయ్యే ఆప్టికల్ స్విచ్‌లు వచ్చాయి కదా అని మరికొందరు అంటారు. రేజర్ వంటి కంపెనీలు వాటిని వాడుతున్నాయి, వాటికి డబుల్ క్లిక్ బెడద దాదాపు లేనట్టే. తక్కువ ధరలో దొరికితే తప్పక కొనాలి. కానీ మౌస్ అంటే స్విచ్ ఒక్కటే కాదు. స్క్రోల్ చక్రం కింది భాగం అరుగుతుంది, కేబుల్ మెడ దగ్గర లోపలి తీగ తెగుతుంది. రబ్బరులా మెత్తగా ఉండే పైపూత వేడికీ తేమకూ కరిగి జిగటగా మారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఆ పూత ఉన్న వస్తువు కొనకపోవడమే మేలు, మామూలు గరుకు ప్లాస్టిక్ నయం. ఏ భాగం పోయినా విప్పే దారి ఉండాలి.

మన దేశంలో మరమ్మతు హక్కు చర్చ కొత్తదేమీ కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో దీనిపై కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. 2024లో, ఒక వస్తువును బాగుచేయడం ఎంత తేలికో చెప్పే మరమ్మతు సూచీ కోసం మరో కమిటీ వేసింది. ఫోన్లు, ట్యాబ్లెట్లతో మొదలుపెట్టడం సబబే, వాటి ఖరీదు ఎక్కువ. 2021లో ఫ్రాన్స్ కూడా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్ల వంటి అయిదు రకాలతోనే సూచీ ప్రారంభించింది. కానీ చిన్న వస్తువులను చివరికి నెట్టేయడం పొరపాటు. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనలు కంప్యూటర్‌ను మౌస్, కీబోర్డు లాంటి అనుబంధాలతో కలిపే చూస్తాయి. పారేశాక పట్టించుకునే ప్రభుత్వం పారేయకముందే పట్టించుకోవచ్చు. ధర పెరుగుతుందని కంపెనీలు అనవచ్చు. స్క్రూ చోటు మార్చడానికీ, స్విచ్ పేరు పెట్టె మీద అచ్చేయడానికీ, డబుల్ క్లిక్ వారంటీలోకి వస్తుందని స్పష్టంగా రాయడానికీ పెద్ద ఖర్చేమీ లేదు. అదనపు ప్యాడ్ల జతను ఇప్పటికే కొన్ని కంపెనీలు పెట్టెలో ఇస్తున్నాయి.

నిబంధనలు వచ్చేలోగా కొనేవారి చేతిలో ఉన్నది కొంతే అయినా అది తక్కువది కాదు. డీపీఐ అంకెను పక్కన పెట్టి స్విచ్ ఏ కంపెనీదో, ఎన్ని క్లిక్కులదో అడగాలి. వారంటీ ఎన్నాళ్లో, పాడైతే తీసుకెళ్లే సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో అడిగి బిల్లు భద్రపరచాలి. డబ్బు ఇచ్చేముందు ఆ మౌస్‌ను ఒకసారి తిరగేసి స్క్రూలు ఎక్కడున్నాయో చూడాలి.