బిల్లు కట్టడమే వైద్యమా?

ఆరోగ్యశ్రీ పరిమితి పెరిగితే వైద్యం అందరికీ అందినట్టేనని, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటే చదువు ఉచితమైనట్టేనని తెలుగునాట గట్టి నమ్మకం. 2007లో కుటుంబానికి 2 లక్షల రూపాయలతో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరుకల్లా తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు చేరింది. ఏ పార్టీ వచ్చినా పథకం పేరు మారుస్తుంది, అంకె పెంచుతుంది. ఉచితాలతో ఖజానా ఖాళీ అవుతోందని గొంతు చించుకునేవాళ్ళు పట్టుకునేదీ ఆ అంకెనే. ఈ ఇద్దరి తగువులో నేను లేను. వైద్యం, చదువు ఉచితంగా ఇవ్వాల్సిందే. మనం ఇస్తున్నవి మాత్రం వాటి బిల్లులు.

పథకం రాకముందు రోజులు గుర్తున్నవాళ్ళెవరూ దాన్ని తేలిగ్గా తీసిపారేయరు. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డను ఎత్తుకుని, ముఖ్యమంత్రి సహాయనిధి కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు పడిగాపులు పడ్డ తల్లిదండ్రులు ప్రతి జిల్లాలో ఉండేవారు. తెల్ల రేషన్ కార్డుతో కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కవచ్చన్న ధైర్యం వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇచ్చిందే. కొత్తగా ఆసుపత్రి కట్టి, డాక్టర్లను నియమించి, ఆపరేషన్ థియేటర్ నడిపించేసరికి ఏళ్ళు పడుతుంది. ఉన్న ఆసుపత్రికి డబ్బు కట్టడం వెంటనే అయ్యే పని. ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి ఏళ్ళ తరబడి ఆగమనలేం కాబట్టి కొనడం తప్పు కాదు. పద్దెనిమిదేళ్ళు దాటినా కొనడమే తప్ప మరో ఆలోచన లేకపోవడం తప్పు.

కొన్నదేమిటో కూడా చూడాలి. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లకు, ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులకు. మామూలు సంసారంలో డబ్బు కరిగేది నెలనెలా మందుల షాపులో, ఓపీ చిట్టీల దగ్గర, రక్తపరీక్షల దగ్గర. దేశం మొత్తం మీద 2021-22లో వైద్య వ్యయంలో 39 శాతానికి పైగా జనం జేబుల్లోంచే పోయింది. బీపీ, షుగరు బిళ్ళలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు, ఉన్నప్పుడు. లేనప్పుడు ఊళ్ళో ఆర్ఎంపీ ఉండనే ఉన్నాడు. షుగరు ముదిరి కిడ్నీలు పాడయ్యాక అదే మనిషికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కార్డు మీద చేస్తారు. బిళ్ళకు దొరకని డబ్బు యంత్రానికి దొరుకుతుంది, ఎందుకంటే బిళ్ళకు ప్యాకేజీ లేదు. ప్యాకేజీ ఉన్నచోట ఇంకో తంటా. అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు చెలరేగి, పథకం కింద ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. రేటు కట్టిన పనే ఎక్కువగా జరుగుతుందని తెలుసుకోవడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు.

ఇక అప్పు సంగతి. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు తీర్చమంటూ పథకం సేవలు ఆపేశాయి. వాటిని తిట్టి లాభం లేదు, వాటికీ నర్సుల జీతాలున్నాయి, మందుల కంపెనీల బాకీలున్నాయి. అయితే 10 లక్షల కార్డుకైనా, 25 లక్షల కార్డుకైనా ఆ రోజుల్లో విలువెంత? అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఇంటి కప్పు మీద హక్కు ఉండదు, మన సర్కారుది అదే స్థితి. సొంత ఆసుపత్రిలో బిల్లులు ఆగితే దూది తగ్గుతుంది, ఇంజెక్షన్లు తగ్గుతాయి, తలుపులు మాత్రం మూతపడవు.

‘మరి సర్కారు దవాఖానా పరిస్థితి చూశారా?’ అంటారు. చూశాం. 2015లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికి పసికందు చనిపోయింది. 2020 జులై వానకు హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి వార్డుల్లోకి నీళ్ళొచ్చాయి, కొత్త భవనానికి గోషామహల్‌లో శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. జనం అక్కడికి వెళ్ళనంటే నేను తప్పుపట్టను. కాని ఆ ఆసుపత్రులు అలా మిగిలిపోవడానికి ఒక కారణం, వాటిని బాగుచేయమని గట్టిగా అడగగల మధ్యతరగతి వేరే గుమ్మం చూసుకోవడమే. ఉద్యోగులకు, జర్నలిస్టులకు హెల్త్ కార్డులున్నాయి. ఉస్మానియాలో నీళ్ళు నిలిస్తే వీళ్ళలో ఎవరి మంచం తడుస్తుంది?

చదువులోనూ అదే కథ. ఫీజు రీయింబర్స్‌మెంట్ అండతో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు దాదాపు 700 అయ్యాయి. ల్యాబులు లేకపోయినా, పాఠం చెప్పేవాళ్ళు లేకపోయినా తలకు ఏటా 35 వేల దాకా వచ్చేది. తర్వాత చాలా మూతపడ్డాయి. ఇంట్లో తొలిసారి డిగ్రీ పట్టినవాళ్ళెందరో ఈ డబ్బుతోనే చదివి హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నారు, కాదనను. కాని సర్కారు నుంచి ఫీజు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే చేరాల్సిన ఉద్యోగం వదులుకున్నవాళ్ళు కూడా ఈ పథకం లబ్ధిదారులే. 2025 సెప్టెంబరులోనూ, నవంబరులోనూ తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఈ బకాయిల కోసమే బంద్‌కు దిగాయి.

విచిత్రమేమిటంటే, అదే వైఎస్ ప్రభుత్వం 2008లో సొంతంగా కట్టే రెండోదారి కూడా వేసింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టి, పల్లె బడుల పిల్లలను పదో తరగతి మార్కులతో చేర్చుకుంది. బాసరలో అన్నం బాగాలేదని, అధ్యాపకులు లేరని 2022లో విద్యార్థులు రోజుల తరబడి గేటు దగ్గర కూర్చున్నారు. కూర్చుంటే ప్రభుత్వం కదిలింది, ఎందుకంటే ఆ గేటు ప్రభుత్వానిది. ప్రైవేటు కాలేజీ గేటు దగ్గర కూర్చున్నవాడికి మేనేజ్‌మెంటు సర్కారును చూపిస్తుంది, సర్కారు మేనేజ్‌మెంటును చూపిస్తుంది.

జర్మనీలో చాలాచోట్ల ఫీజుల్లేవని అక్కడికి వెళ్తున్న మన పిల్లలు మురిసిపోతూ చెబుతారు. అక్కడ ప్రభుత్వం ఫీజు వదులుకుంటున్నది తన యూనివర్సిటీల్లో. పదేళ్ళ వయసులోనే ఎవరు యూనివర్సిటీ బాట పట్టాలో, ఎవరు పని నేర్చుకోవాలో చాలావరకు వడకట్టేస్తారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. మన తల్లిదండ్రులు దానికి ఒప్పుకుంటారా?

సర్కారు సొంతంగా కాలేజీ కట్టినంత మాత్రాన చదువు ఉచితమైపోదు కూడా. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఐదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు, మంచిదే. వాటిలో 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, ఎన్ఆర్ఐ కోటాకు 20 లక్షలు రేటు పెట్టారు. తర్వాతి ప్రభుత్వం ఆ వరుసలో మిగిలిన కాలేజీల్లో పదింటిని ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ) దారి పట్టించింది. అప్పుడు సీట్లు అమ్మినవాళ్ళే, ఈ ప్రభుత్వం కాలేజీలు అమ్మేస్తోందంటూ వీధికెక్కారు.

థాయిలాండ్ 2002లో 30 బాట్లకే అందరికీ వైద్యం అంది. అంతకుముందు దశాబ్దాల పాటు ఊళ్ళలో, జిల్లాల్లో ఆసుపత్రులు కట్టింది, చదువు ముగించిన డాక్టర్లను పల్లెలకు పంపింది. ఆసుపత్రికి ఓపీ డబ్బు ఆపరేషన్ల లెక్కన కాక, దాని కింద నమోదైన జనాభా లెక్కన ఇచ్చింది. మనం మొదలుపెట్టాల్సింది అక్కడ: కార్డు మీద అంకెను ఐదేళ్ళు కదపకుండా ఉంచి, మిగిలిన డబ్బు ముందు ప్రాథమిక కేంద్రాల మందులకు, తర్వాత ఖాళీ పోస్టులకు. దీనికి ధర ఉంది, ముందే చెప్పాలి. డయాలసిస్, గుండె, క్యాన్సర్ ఆగవు. ఆగగలిగిన ఆపరేషన్లు కొన్ని నెలలు వెనక్కి పోతాయి, జిల్లా ఆసుపత్రి వరుసలో ఉద్యోగి, రైతుకూలీ ఒకరి వెనక ఒకరు నిలబడాలి.