మందు అక్కరలేదని చెప్పడమూ వైద్యమే
(నల్లబడిన వేలు గురించి నాలుగు మాటలు)



మిరప కోతల రోజులు అనుకోండి. గురజాల వైపు ఒక చేలో పదిమంది ఆడవాళ్ళు కాయ కోస్తున్నారు. వారిలో యాభై ఏళ్ళు దాటిన ఒక అమ్మకు ఉన్నట్టుండి కుడిచేతి చూపుడు వేలు చురుక్కుమంది. చూస్తూ ఉండగానే వేలు లోపలి వైపు ఉబ్బింది. కాసేపటికి నేరేడుపండు రంగుకు తిరిగింది. దెబ్బ తగల్లేదు, ముల్లు గుచ్చుకోలేదు. పక్క సాలులో ఉన్నావిడ "ఏందక్కా, ఏం కుట్టింది?" అని కేక వేసింది. ఒకరు పామన్నారు, ఒకరు తేలన్నారు. ఒకరు దిష్టి అన్నారు, ఇంకొకరు పక్షవాతానికి ఇది మొదలన్నారు. ఎవరో గుడ్డపేలిక చించి మణికట్టు దగ్గర గట్టిగా బిగించి కట్టేశారు.

ఇది మేము ఊహించి చెప్పిన సంగతే గాని ఇందులోని భయం మాత్రం ఊహ కాదు. నల్లబడిన వేలును చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది. ఆ భయంలో చేసే పనుల వల్లనే అసలు జబ్బు కంటే ఎక్కువ నష్టం జరుగుతుంటుంది. కాబట్టి ఈ నెల ఈ విషయమై మా అభిప్రాయం మీ ముందు ఉంచుతున్నాము.

మేము చెప్పదలచినవి రెండే మాటలు. నల్లబడిన వేలు ఏమిటో ఇంటి దగ్గర తేల్చకండి, వైద్యునికి చూపించండి. చక్కగా పరీక్ష చేసిన వైద్యుడు "ఏమీ పరవాలేదు, మందు అక్కరలేదు" అంటే ఆ మాటను వైద్యంగానే స్వీకరించండి.

అసలు ఇది ఏమిటి?

దెబ్బ లేకుండా వేలు ఇలా కమిలిపోయే ఒక అరుదైన స్థితి ఉంది. 1958లో వాల్టర్ ఆకెన్‌బాక్ అనే జర్మన్ వైద్యుడు దీనిని వివరించి రాశారు. ఆయన పేరు మీదనే దీనిని ఆకెన్‌బాక్ సిండ్రోమ్ అంటున్నారు. వేలి లోపలి వైపున ఉండే ఒక చిన్న రక్తనాళం చిట్లి, చర్మం కింద కొద్దిగా నెత్తురు చేరుతుంది. అంతే. ఆ నాళం ఎందుకు చిట్లుతుందో వైద్యశాస్త్రం ఇంతవరకు తేల్చి చెప్పలేదు. కొందరికి బరువు ఎత్తినప్పుడో, ఇంటి పని చేస్తున్నప్పుడో వస్తుంది. చాలామందికి ఏ కారణమూ కనబడదు.

ఇది మగవారి కంటే ఆడవారిలో చాలా ఎక్కువ. నడివయసు దాటిన వారిలో ఎక్కువగా చూస్తాము. చూపుడు వేలికి, మధ్య వేలికి ఎక్కువగా వస్తుంది. ముందు చురుక్కుమనడమో, మంటో, తిమ్మిరో, దురదో ఉండవచ్చు. ఆ వెనుక వాపు, నీలం రంగు వస్తాయి. వేలు ముడవడానికి బిగుసుగా ఉంటుంది. అయితే వేలి కొస, గోరు సాధారణంగా మామూలు రంగులోనే ఉంటాయి. మణికట్టు దగ్గర నాడి చక్కగా అందుతుంది. రక్త పరీక్షలు చేస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. కొన్ని రోజులలో, మహా అయితే రెండు వారాలలో, మరక దానంతట అదే పోతుంది. వేలికి ఏ లోపమూ మిగలదు. కొందరికి కొంతకాలానికి మళ్ళీ రావచ్చు. మళ్ళీ వచ్చినా ప్రమాదకరమైన జబ్బుగా మారదు.

2016లో ఫ్రాన్స్ నుండి వెలువడిన ఒక అధ్యయనం, ఇటువంటి అనుభవం వైద్యులు అనుకుంటున్న దానికంటే ఎక్కువమంది స్త్రీలకే ఉన్నదని చూపించింది. చాలామంది ఎవరికీ చెప్పరు, చెప్పేలోగా తగ్గిపోతుంది. అందుకే మన పుస్తకాలలో ఇది అరుదుగా కనబడుతుంది.

మరి ఎందుకు చూపించుకోవాలి?

దానంతట అదే తగ్గేదానికి ఆసుపత్రి ఎందుకని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎందుకంటే, వేలు నల్లబడేది ఈ ఒక్క కారణం వల్లనే కాదు. కొన్ని కారణాలు ప్రాణానికి, కొన్ని వేలికి ముప్పు తెస్తాయి.

మొదటిది పాముకాటు. మన పల్నాటి చేలలో రక్తపింజర భయం ఉత్త భయం కాదు. దాని విషం నెత్తురు గడ్డకట్టే గుణాన్నే పోగొడుతుంది. కాటు పడిన చోట వాపు మొదలై గంట గంటకూ చేతి పైకి పాకుతుంది. చిగుళ్ళ నుండి నెత్తురు, ఎర్రని మూత్రం, వాంతులు కనబడవచ్చు. కట్లపాము సంగతి వేరు. దాని కాటుకు గుర్తు గాని నొప్పి గాని లేకపోవచ్చు, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతుంది. కాబట్టి చేలోనో, గడ్డివాము దగ్గరో, చీకట్లోనో ఉన్నప్పుడు వేలు చురుక్కుమంటే, పాము కనబడకపోయినా సరే, వెంటనే బయలుదేరండి. 108కి ఫోన్ చేయండి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక జాతీయ ప్రణాళికనే ప్రకటించింది. ఆ లెక్క తగ్గేది మనం ఎంత త్వరగా ఆసుపత్రికి చేరతామన్న దాని మీదనే.

రెండవది వేలికి రక్తం అందకపోవడం. ఇక్కడ వేలు కొసతో సహా తెల్లబడి, చల్లబడి, మొద్దుబారుతుంది. తరువాత నల్లబడుతుంది. ఏళ్ళ తరబడి బీడీలు, చుట్టలు కాల్చేవారికి, గుండె జబ్బు ఉన్నవారికి ఇది వచ్చే అవకాశముంది. ఇందులో గంటలే లెక్క. రేపు చూద్దాం అనుకుంటే వేలు దక్కదు.

మూడవది రక్తానికి సంబంధించిన జబ్బులు. వేలే కాక ఒంటి మీద ఇతర చోట్ల కూడా మచ్చలు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, జ్వరం, నీరసం ఉంటే ప్లేట్‌లెట్లు చూడవలసిందే. డెంగీ కావచ్చు, ఇతర రక్త జబ్బు కావచ్చు. చిన్నపిల్లలలో, ముఖ్యంగా మగపిల్లలలో, ఊరికే కమిలిపోతుంటే తప్పక చూపించాలి.

నాలుగవది మందుల వల్ల. గుండెకు, పక్షవాతానికి రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవారికి చిన్న ఒత్తిడికే కమిలిపోతుంది. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపకూడదు. ఆపితే అసలు ముప్పు వస్తుంది. మాత్రల చీటీ పట్టుకుని రండి.

చలికి, చన్నీళ్ళకు వేళ్ళు ముందు తెల్లగా, తరువాత నీలంగా, ఆ పైన ఎర్రగా మారడం మరో సంగతి. అది పదే పదే అవుతుంటే కీళ్ళ జబ్బులు, చర్మ జబ్బులు ఉన్నాయేమో వైద్యుడు చూస్తాడు.

ఇవన్నీ కాదని తేలిన తరువాతనే "ఇది ఆకెన్‌బాక్, పరవాలేదు" అనగలం. అందుకే ఇంటి దగ్గర తేల్చవద్దంటున్నాము.

కట్టు, కోత, సున్నం

దారిలో జరిగే పొరపాట్ల గురించి కూడా చెప్పాలి. వేలికి గాని మణికట్టుకు గాని తాడు బిగించి కట్టకండి. పాముకాటైనా కట్టకూడదు. నిక్షేపంగా ఉన్న వేలికి గట్టి కట్టు కట్టి గంటల తరబడి ఉంచితే ఆ కట్టే వేలును చంపుతుంది. బ్లేడుతో కోసి చెడు రక్తం తీస్తామనేవారి చేతికి వేలు ఇవ్వకండి. లోపల చేరినది చెడు రక్తం కాదు, మీ మంచి రక్తమే. సున్నం, పసరు, మిరపపొడి రాస్తే చర్మం కాలి చీము పడుతుంది.

చేయవలసినవి తేలిక పనులు. వాపు పెరగకముందే ఉంగరం, గాజులు తీసేయండి. చెయ్యి కదలకుండా ఉంచండి. పాముకాటు అనుమానం లేకపోతే చెయ్యి కాస్త పైకెత్తి, చన్నీటి గుడ్డ వేయవచ్చు. నొప్పికి ఆస్పిరిన్ వేసుకోవద్దు, అది నెత్తురు కారడాన్ని పెంచుతుంది.

ఆసుపత్రిలో ఏం జరగాలి?

ఇక మా వైపు మాట. పాము అనుమానం ఉన్నప్పుడు చేసే ఒక పరీక్ష ఎంతో సులువైనది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే రక్తపింజర వంటి పాము విషం ఎక్కినట్టే లెక్క. గడ్డకడితే అంతటితో ఇంటికి పంపరు. కట్లపాము, నాగుపాము విషాలు నరాల మీద పనిచేస్తాయి గనుక కొన్ని గంటలు ఉంచి, ఆ పరీక్ష మళ్ళీ చేసి చూస్తారు. అంత ఓపిక ఎందుకంటే, విషం లేని మనిషికి విరుగుడు మందు ఎక్కిస్తే మేలు లేకపోగా కొందరికి తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. "ఎందుకైనా మంచిది, ఎక్కించేయండి" అనే బంధువులు ఈ మాట దయచేసి గుర్తుంచుకోవాలి.

ఆకెన్‌బాక్ లక్షణాలు స్పష్టంగా ఉంటే నాడి చూడడం, వేలు పట్టి చూడడం, రోగి చెప్పేది వినడం, ఒకటి రెండు మామూలు రక్త పరీక్షలు చాలు. మాచర్ల నుండి నూరు కిలోమీటర్లు పైబడి ప్రయాణం చేసి, గుంటూరులో పెద్ద స్కానింగులు తీయించుకోవలసిన పని లేదు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. పరీక్షల చీటీ రాయడానికి అర నిమిషం పడుతుంది. "అమ్మా, ఇది ఇదీ, ఇందుకు భయం లేదు" అని అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఓ.పి. నిండా జనం ఉన్నప్పుడు మా చెయ్యి చీటీ వైపే పోతుంది. రోగి వైపు నుండి కూడా ఒత్తిడి ఉంటుంది. "ఇంత దూరం వచ్చాం, ఒక సూదైనా వేయండి, సెలైనైనా పెట్టండి" అంటారు. ఏమీ రాయని డాక్టరుకు ఏమీ తెలియదని ఊరిలో పేరు పడుతుంది. ఇలా ఇద్దరమూ కలిసి అక్కరలేని ఖర్చు చేస్తున్నాము. కోత కూలి మీద బతికే ఇంట్లో ఆ ఖర్చు సామాన్యమైనది కాదు. వడ్డీకి తెచ్చిన డబ్బు వేలు బాగయ్యాక కూడా చాలాకాలం తీర్చవలసి ఉంటుంది.

అందుచేత ఒక అలవాటు చేసుకోమని కోరుతున్నాము. డాక్టరు మందు అక్కరలేదంటే నొచ్చుకోకండి. దానికి బదులు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏమిటి? ఎన్నాళ్ళలో తగ్గుతుంది? ఏం కనబడితే తిరిగి రావాలి? ఈ మూడింటికి జవాబు చెప్పిన వైద్యుడు మీకు పూర్తి వైద్యం చేసినట్టే. జవాబు చెప్పకుండా "ఏం లేదు పో" అంటే మాత్రం ఊరుకోకండి, మళ్ళీ అడగండి. అది మీ హక్కు.

ఇంట్లోవారికి ఒక మాట

నల్లబడిన వేలితో ఇంటికి వచ్చిన ఆడమనిషిని అత్తగారో, ఇరుగుపొరుగో అనుమానంగా చూస్తారు. "ఎక్కడో నలగ్గొట్టుకుని అబద్ధం చెబుతోంది" అంటారు. మొగుడు కొట్టాడేమోనని గుసగుసలు పోతాయి. ఆమె మాట నిజం కావచ్చు, దెబ్బ లేకుండానే వేలు కమలవచ్చు. అదే సమయంలో, నిజంగా దెబ్బలు తిని నోరు విప్పలేని స్త్రీలు కూడా ఉన్నారు. కాబట్టి వైద్యులమైన మేము ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి ఒకసారి అడుగుతాము. వెంట వచ్చినవారు దీనికి కోపగించవద్దు. ఆమె చెప్పేది వినడం కూడా పరీక్షలో భాగమే.

ఒకసారి ఆకెన్‌బాక్ అని తేలాక ఆ సంగతి మీ ఓ.పి. చీటీ మీద రాయించుకుని జాగ్రత్తగా ఉంచుకోండి. మళ్ళీ ఎప్పుడైనా వస్తే ఆ చీటీ మిమ్మల్ని మరో సారి భయం నుండి, ఖర్చు నుండి కాపాడుతుంది. అయితే ఈసారి లక్షణాలు వేరుగా ఉంటే చీటీని నమ్ముకుని ఇంట్లో ఉండిపోకండి. వేలు చల్లబడినా, కొస నల్లబడినా, వాపు పైకి పాకినా, వేరే చోట నెత్తురు కనబడినా ఆ పూటే రండి.

మొదట చెప్పిన ఆ అమ్మ దగ్గరికి వద్దాం. ఆమె కట్టు విప్పించుకుని ఆసుపత్రికి చేరింది, పాము కాదని తేలింది, రక్తం బాగుంది, నాడి బాగుంది. ఆమెకు ఇవ్వడానికి మా దగ్గర సూది లేదు, సీసా లేదు. వారం పది రోజులలో తిరిగి కోతకు పోగలవని చెప్పే మాట ఒకటే ఉంది. ఆ మాట మేము సరిగ్గా చెప్పాలి, మీరు నమ్మకంతో వినాలి.