గ్రిడ్‌కు జబ్బు చేస్తే కోత రైతుకేనా?

గ్రిడ్‌కు ఇబ్బంది వచ్చిందంటే ముందుగా చెయ్యి పడేది వ్యవసాయ ఫీడర్ మీదే. ఎక్కడో పెద్ద లైను ట్రిప్పయినా, థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ ఆగినా సబ్‌స్టేషన్‌కు ఫోన్ వస్తుంది, పొలంలో మోటారు ఆగుతుంది. నాటు మడి ఎండుతోందా, మిరప తోట వాడుతోందా అని అడిగేవారు ఉండరు. పైగా ఉచిత కరెంటు తీసుకునే రైతుల వల్లే గ్రిడ్ కూలుతోందన్న నింద కూడా మనమే మోయాలి. ఈ నింద ఎంతవరకు నిజమో చూద్దాం.

2012 జూలై 30 తెల్లవారుజామున రెండున్నర గంటలకు ఉత్తరాది గ్రిడ్ మొత్తం కూలింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తరాదితో పాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పడిపోయాయి. 60 కోట్ల మందికి పైగా కరెంటు లేకుండా పోయింది. రైళ్లు ఆగిపోయాయి. బొగ్గు గనుల్లో కార్మికులు చిక్కుకున్నారు. ఆ ఏడాది వానలు ఆలస్యమై పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ రైతులు బోర్ల మీద వరి బతికించుకుంటున్నారు. దాంతో వేళ్లన్నీ వాళ్ల వైపే చూపాయి.

విచారణ కమిటీ తేల్చింది వేరు. మరమ్మతుల పేరుతోనూ ఇతర కారణాలతోనూ ప్రాంతాలను కలిపే చాలా లైన్లు ఆపి ఉంచారు. మిగిలిన 400 కేవీ బీనా–గ్వాలియర్ లైను మీద భారమంతా పడింది. రాష్ట్రాలు వాటాకు మించి కరెంటు లాగుతున్నాయి, తగ్గించమని ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం చెప్పినా రాష్ట్ర కేంద్రాలు తగినట్టు స్పందించలేదు. చివరికి లైనులో ఏ లోపమూ లేకపోయినా, ఆ అధిక లోడునే లోపంగా భావించి రిలే లైనును విడదీసింది. ఆ తర్వాత పేకమేడే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. కాడికి కట్టిన ఎడ్లకు బరువు ఎక్కువైతే నడక మందగించినట్టు, వాడకం పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. కానీ జూలై 30న గ్రిడ్ కూలే ముందు ఫ్రీక్వెన్సీ 49.68, మర్నాడు 49.84. ఆ అంకె ఒక్కటే చూసినవారికి ప్రమాదం కనపడదు. ఏ లైను మీద ఎంత బరువుంది, అది తెగితే బరువు ఎటు మళ్లుతుంది, వోల్టేజీ ఎక్కడ జారుతోంది అని చూడగలిగినవారే ముప్పును పసిగడతారు. అది అనుభవంతో, పదేపదే చేయించే శిక్షణతో వచ్చే విద్య.

2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంటు పోయినప్పుడు కూడా ఇదే బయటపడింది. ఒహాయోలోని కంట్రోల్ రూంలో అలారం సాఫ్ట్‌వేర్ పనిచేయలేదు, లైన్లు ఒక్కొక్కటే పోతుంటే ఆపరేటర్లకు తెలియలేదు. ఆపరేటర్లకు తగిన శిక్షణ లేకపోవడం కూడా ఒక కారణమని విచారణ చెప్పింది. ఆ తర్వాత అక్కడ ఏటా అత్యవసర పరిస్థితుల మీద శిక్షణ తప్పనిసరి చేశారు.

సిద్ధపడితే ఏమవుతుందో మన దేశమే చూపించింది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా 9 నిమిషాలు దీపాలు ఆర్పినప్పుడు వాడకం 31 వేల మెగావాట్లకు పైగా ఒక్కసారిగా పడిపోయింది. ముందే లెక్కలు వేసుకుని, జలవిద్యుత్ కేంద్రాలను సిద్ధంగా ఉంచి, ఆపరేటర్లు గ్రిడ్‌ను కాపాడారు. ఏ రైతు ఫీడర్‌నూ బలి చేయాల్సిన పని లేకుండా పోయింది.

2012లో మనం తప్పించుకున్నామంటే అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు కనుక. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. దానివల్ల లాభం ఉంది. కరువులో ఉత్తరాది కరెంటు మనకొస్తుంది. కానీ అక్కడి తప్పు కూడా ఇక్కడి దాకా వస్తుంది. పైగా ఇప్పుడు సోలార్, గాలి కరెంటు పెరిగాయి. మబ్బు పడితే తగ్గుతుంది, పొద్దు వాలితే పోతుంది. లోడ్ డిస్పాచ్ సెంటర్లో కూర్చునేవారి పని మునుపటి కన్నా కష్టమైంది. పగటిపూట మోటార్లు నడిపి ఆ సోలార్ కరెంటును వాడుకుంటున్న మనం గ్రిడ్‌కు భారం కాదు, ఆసరా.

శిక్షణ పైస్థాయిలో ఆగిపోతే చాలదు. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో స్విచ్ వేసే చెయ్యి కూడా గ్రిడ్‌లో భాగమే. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. వోల్టేజీ కుంగుతుంది, మోటార్లు కాలతాయి, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఫీడర్లను విడతలుగా ఇవ్వాలని తెలిసిన ఆపరేటర్ ఉంటే ఆ నష్టం ఉండదు. చాలీచాలని జీతానికి కాంట్రాక్టు మీద పెట్టుకుని, నేర్పకుండా రాత్రి డ్యూటీకి కూర్చోబెట్టి, తర్వాత వాళ్లనే తప్పుపట్టడం అన్యాయం.

అందుకే మేము కోరుతున్నాం:

1. రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో షిఫ్టు చూసే ప్రతి ఇంజనీరుకూ సర్టిఫికేషన్, ఏటా సిమ్యులేటర్ మీద అత్యవసర శిక్షణ తప్పనిసరి చేయాలి. శిక్షణకు వెళ్లినప్పుడు షిఫ్టు ఖాళీ కాకుండా సిబ్బందిని నింపాలి.

2. గ్రిడ్ మొత్తం పడితే జలవిద్యుత్ కేంద్రాల నుంచి తిరిగి నిలబెట్టే రిహార్సల్ క్రమం తప్పకుండా చేయాలి.

3. సబ్‌స్టేషన్ ఆపరేటర్లకు, లైన్‌మన్లకు, కాంట్రాక్టు వారితో సహా, తెలుగులో శిక్షణ ఇవ్వాలి.

4. అత్యవసర కోతలు అన్ని వర్గాల ఫీడర్లకూ వంతులవారీగా ఉండాలి. ఎప్పుడు, ఎందుకు కోశారో సబ్‌స్టేషన్ బోర్డు మీద రాయాలి. పోయిన గంటలు తిరిగి ఇవ్వాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి మోటారుకూ కెపాసిటర్ బిగించుకుందాం, వోల్టేజీ నిలబడుతుంది. ఆటో స్టార్టర్లు తీసేద్దాం. గ్రామ శాఖలు ఈ నెలలోనే సబ్‌స్టేషన్‌కు వెళ్లి కోతల రిజిస్టరు చూపమని అడగాలి, ఈ నాలుగు కోర్కెలతో ఏఈకి వినతిపత్రం ఇవ్వాలి. కోత ఎందుకు పడిందో అడిగే హక్కు పంట ఎండినవాడికి ఉంటుంది.